దరఖాస్తుకు జవాబు భిక్ష కాదు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏటా డిసెంబరు 17న మనం ఎందుకు కలుసుకుంటామో మీకు విదితమే. 1982లో అదే రోజున డి.ఎస్. నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ యజమాని దయతలచి ఇచ్చే భిక్ష కాదని, చేసిన సేవకు లభించే హక్కని తీర్పు చెప్పింది. ఆ తీర్పు గురించి నాకంటే బాగా చెప్పగల వక్తలు ఈ వేదికపై ఉన్నారు. కార్యదర్శిగారు నాకిచ్చిన కొద్ది సమయంలో మన పిల్లల, మనవల సంగతి ఒకటి ప్రస్తావిస్తాను. డి.ఏ. బకాయిల మీద మనం ఎన్ని మెమొరాండాలైనా ఇవ్వగలం. ఉద్యోగం కోసం తిరుగుతున్న పిల్లవాడి పక్షాన మెమొరాండం ఎవరికివ్వాలి?

మా మనవడు ఇంజనీరింగు పూర్తి చేశాడు. ఒక ప్రైవేటు కంపెనీవారు వాడిని మూడు విడతలు ఇంటర్వ్యూ చేశారు. మూడవసారి జీతం ఎంత ఆశిస్తున్నావు, ఎప్పుడు చేరగలవు అని కూడా అడిగారట. వారంలో కబురు చేస్తామన్నారు. నాలుగు నెలలు గడిచినా కబురు లేదు. రెండు ఈ-మెయిళ్ళు పంపాడు, ఫోన్లు చేశాడు, పలికినవారు లేరు. ఈలోగా వేరే ఊళ్ళో వచ్చిన చిన్న ఉద్యోగానికి సరే అనాలో వద్దో తేల్చుకోలేక అదీ పోగొట్టుకున్నాడు. ‘లేదు’ అని ఒక్క ముక్క రాసి ఉంటే వాడి దారి వాడు చూసుకునేవాడు.

పాతకాలమంతా బంగారమని నేననను. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి కార్డును మూడేళ్ళకోసారి రెన్యువల్ చేయించుకుంటూ, కాల్ లెటర్ కోసం ఏళ్ళ తరబడి పోస్ట్‌మాన్ దారి చూసినవారు ఈ సభలోనే ఉన్నారు. 1959 నాటి చట్టం ప్రకారం ప్రభుత్వ రంగ సంస్థలు, 25 మందికి తక్కువ కాకుండా పనిచేసే ప్రైవేటు సంస్థలు తమ ఖాళీలను ఎక్స్ఛేంజికి తెలియపరచవలసి ఉండేది. పంపినవారినే తీసుకోవాలన్న నిర్బంధం మాత్రం లేదు. 1996లో కృష్ణా జిల్లా ఎక్సైజ్ సూపరింటెండెంట్ కేసులో సుప్రీంకోర్టు, ఎక్స్ఛేంజికి తెలిపితే చాలదు, పత్రికలలోను, రేడియో, టీవీలలోను ప్రకటించి, దరఖాస్తు చేసినవారందరినీ పరిశీలించాలని చెప్పింది. ఆ పాత చట్టం స్థానంలో ఇప్పుడు 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి వచ్చింది. ఆ విధంగా ఖాళీ ఉందని తెలుసుకునే హక్కు కొంత దక్కింది. ఇంటర్వ్యూకి పిలిచిన యజమాని ఫలితం చెప్పి తీరాలన్న మాట ఆ 1959 చట్టంలో గాని, ఆ తీర్పులో గాని లేదు.

అయినా మన ఆఫీసులలో ఒక క్రమం ఉండేది. వచ్చిన ప్రతి తపాలుకు కరెంటు నెంబరు పడేది, అది గుమాస్తా పర్సనల్ రిజిస్టరులోకి ఎక్కేది. ఏదో ఒక ఉత్తరువు పడేదాకా ఆ కాగితం బకాయిగానే కనబడేది. ఆలస్యం జరిగేది, అన్యాయమూ జరిగేది. అంతేగాని కాగితం అందలేదని బుకాయించడం అంత సులభం కాదు.

ఈనాడు దరఖాస్తు ఇంటర్‌నెట్‌లో ఒక్క మీట నొక్కితే వెళుతుంది. ఒక్క ఖాళీకి వేల దరఖాస్తులు పడవచ్చు. వాటిని ముందుగా జల్లెడ పట్టేది చాలాచోట్ల మనిషి కాదు, సాఫ్ట్‌వేరు. మొదట ఎంపికైనవాడు చేరకపోతే పనికివస్తాడని రెండవవాడికి ఏమీ చెప్పకుండా ఆపి ఉంచుతారు. కొన్నిసార్లు ఆ పోస్టే రద్దవుతుంది. కారణం రాస్తే తగాదా వస్తుందని కొందరి భయం. ఇవన్నీ ఉన్నవే. కాని ‘మీ దరఖాస్తు అందినది’ అని క్షణంలో పంపగలిగిన కంప్యూటరు, ‘మీరు ఎంపిక కాలేదు’ అని పంపలేదా? పంపగలదు. పంపమని చెప్పేవారు లేరు.

ఇది అయ్యే పనేనని కెనడాలోని ఒంటారియో రాష్ట్రం చూపింది. అక్కడ 2026 జనవరి 1 నుండి అమలులోకి వచ్చిన నిబంధన ప్రకారం 25 మంది లేదా ఆపైన ఉద్యోగులున్న సంస్థ, బహిరంగంగా ప్రకటించిన ఖాళీకి ఇంటర్వ్యూ చేసిన అభ్యర్థికి, చివరి ఇంటర్వ్యూ జరిగిన 45 రోజులలోగా, నియామకంపై నిర్ణయం జరిగిందో లేదో తెలియజేయాలి. అటువంటి నిబంధన ఇక్కడా కావాలని మన సంఘాలు తీర్మానం చేసి పంపడంలో తప్పేమీ లేదని నా అభిప్రాయం.

అంతవరకు మన ఇళ్ళలో మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది. ‘ఏమైందిరా, ఏమన్నారు?’ అని పూటకోసారి అడగడం మానుకుందాం. కంపెనీ చెప్పని జవాబు వాడెక్కడ తెస్తాడు? కంపెనీ మౌనం వాడి చదువు మీద, తెలివి మీద ఇచ్చిన తీర్పు కాదని పెద్దవారు చెబితే వాడికి గుండె నిబ్బరం.

రెండవది. మనకు చేతనైన విద్య రిజిస్టరు రాయడం. ఒక నోటు పుస్తకంలో సంస్థ పేరు, పంపిన తేదీ, ఇంటర్వ్యూ తేదీ, రిమైండరు తేదీ గళ్ళు గీసి ఇద్దాం. పది రోజులకొక రిమైండరు, మరో పది రోజులకు రెండవది. అప్పటికీ పలకకపోతే ఎల్.డిస్. అని రాసి ఆ ఫైలు మూసి, తరువాతి దరఖాస్తు చూసుకోవాలి. కబురు లేని చోటు కోసం చేతికొచ్చిన చోటు వదులుకోరాదు.

మూడవది. అది ప్రభుత్వ సంస్థ అయితే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. కేంద్ర ప్రభుత్వ కార్యాలయానికి రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. నియామకం ఏ దశలో ఉందో అడగవచ్చు. ఆ దరఖాస్తు రాయడంలో మనకు మించినవారెవరు?

నాలుగవది చాలా ముఖ్యం. అసలు యజమాని మౌనంగా ఉన్నచోట దొంగ యజమాని తీయగా మాట్లాడతాడు. ‘మీ అబ్బాయి సెలక్టయ్యాడు, డిపాజిట్ కట్టండి’ అని వెంటనే జవాబిచ్చేది వాడే. వాడి కన్ను మన కమ్యుటేషన్, గ్రాట్యుటీ సొమ్ము మీద. ఉద్యోగమిచ్చేందుకు డబ్బు అడిగినవాడు యజమాని కాడని గుర్తుంచుకోండి. ఒకవేళ డబ్బు పంపి మోసపోతే సిగ్గుపడి దాచుకోక, వెంటనే 1930 నెంబరుకు ఫోను చేసి ఫిర్యాదు ఇవ్వండి. ఎంత త్వరగా చెబితే సొమ్మును ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

చివరిగా ఒక్క మనవి. మన పిల్లలలో ఉద్యోగం అడిగేవారే కాదు, ఇచ్చేవారూ ఉన్నారు. హైదరాబాదులోను, బెంగుళూరులోను మేనేజర్లుగా ఉండి రోజూ ఇంటర్వ్యూలు చేస్తున్నవారున్నారు. ఈ వారం వారితో ఫోనులో మాట్లాడేటప్పుడు ఆరోగ్యం సంగతులయ్యాక ఇంకొక మాట అడగండి: ‘నువ్వు పిలిచి కాదనుకున్నవారికి కబురు చేశావా, నాయనా?’ మెమొరాండం ఎవరికివ్వాలని నేను మొదట అడిగాను. మొదటి ప్రతి వారికే ఇద్దాం.