గది సాగు, గాలిలో తడి

అటు గౌతమి, ఇటు వశిష్ఠ, దక్షిణాన బంగాళాఖాతం. వానాకాలం కోనసీమలో వేయించిన అప్పడం విస్తట్లోకి వచ్చేలోపే మెత్తబడుతుంది. అమలాపురంలోనో రాజోలులోనో గది మూసి, లైట్ల కింద ఆకుకూరలు పెంచితే బూజు బెడద తప్పదు మరి.

అందుకు గాలిలో తడిని లాగే డీహ్యూమిడిఫైయర్ కొనేముందు గది కొలతలతోపాటు నీళ్ల లెక్కా చూడాలి. మొక్కలకు పోసిన నీటిలో చాలా భాగం ఆకుల గుండా ఆవిరై గాలిలోకే చేరుతుంది. రోజుకు 10 లీటర్లు పోస్తే, యంత్రం దాదాపు అంతా లాగగలగాలి. పెట్టె మీద రాసే లీటర్లు తరచూ 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమలో కొలిచినవి. తేమ 60కి దిగాక అంత లాగదు. అందుకే కాస్త పెద్దదే నయం. ఇక్కడి వేడికి కంప్రెసర్ రకం చాలు, కాకపోతే గదిని అదీ కొంత వేడెక్కిస్తుంది.

పాల పుట్టగొడుగుల రైతుకు ఈ ఖర్చే లేదు. వాటికి 80 నుంచి 90 శాతం తేమ ఉండాల్సిందే.