రంగం రేవులో మిగిలిన లెక్క

 

ఆసియా ఇరుగుపొరుగు దేశాల సఖ్యత గురించి దిల్‌సుఖ్‌నగర్‌లో సదస్సు ఏమిటి, అది ఢిల్లీలో జరగాల్సిన చర్చ కదా అని ఇద్దరు మిత్రులు నన్ను అడిగారు. మీలో చాలామంది ఈ పొద్దున ఎల్.బి. నగర్‌లో మెట్రో ఎక్కి మూడో స్టేషన్‌లో దిగి వచ్చారు. ఎల్.బి. అంటే లాల్ బహదూర్, అంటే శాస్త్రి గారు అని మనకు ఇప్పుడు గుర్తుండదు. ఆయన 1964 అక్టోబరు 30న సిలోన్ ప్రధాని సిరిమావో బండారనాయకేతో ఒక ఒప్పందం చేసుకున్నారు. 1966 జనవరి 10న తాష్కెంట్‌లో పాకిస్తాన్ అధ్యక్షుడు అయూబ్ ఖాన్‌తో ఇంకొక కాగితం మీద సంతకం పెట్టారు, తెల్లారేసరికి లేరు. ఇక దిల్‌సుఖ్‌నగర్ సంగతి. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం 107 బస్టాపు దగ్గర ఏం జరిగిందో ఈ పేటలో ఎవరికీ చెప్పక్కర్లేదు. కోచింగ్ కోసం జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉంటున్న పిల్లలు కూడా ఆ బాంబులకు బలయ్యారు. శిక్ష పడిన ఐదుగురిలో ఒకడు పాకిస్తాన్ పౌరుడు. శాంతి ఒప్పందం చేసినవాడి పేరూ, సరిహద్దు దాటి వచ్చిన గాయం మచ్చా మూడు స్టేషన్ల ఎడంలో ఉన్న చోట మనం కూర్చున్నాం. ఈ మాటలు మాట్లాడడానికి ఇంతకన్నా తగిన చోటు నాకు తెలియదు.

పక్క పేటకు శాస్త్రి గారి పేరు పెట్టుకున్నాం కదా అని ఆ 1964 ఒప్పందాన్ని నేను పొగడను. సిలోన్ తేయాకు తోటల్లో తరాలుగా బతికిన మనుషుల్ని 5,25,000 మంది భారత్‌కు, 3,00,000 మంది సిలోన్‌కు అని రెండు ప్రభుత్వాలు పంచుకున్నాయి. మిగిలిన 1,50,000 మంది సంగతి తర్వాత చూద్దామనుకున్నాయి. ఆ తోట కూలీలను పిలిచి అడిగినవాళ్లు లేరు. ప్రభుత్వాల మధ్య సఖ్యత చాలాసార్లు ఇలాగే ఉంటుంది. సార్క్ 1985లో ఢాకాలో పుట్టింది. 2014లో కాట్మాండులో కలిశాక దాని దేశాధినేతలు మళ్లీ శిఖరాగ్ర సమావేశానికి కూర్చోలేదు. ఆ సంస్థల మంచిచెడ్డలు రేపటి గోష్ఠిలో వింటారు. నా తగువు వేరు. నలభై ఏళ్లుగా నాది ఒకటే తగువని మీలో పాతవాళ్లకు తెలుసు, మన్నించండి.

పొరుగు దేశాలతో మన బంధం అనగానే మన పండితులు నాగార్జునకొండకు వెళతారు. ఇక్కడి నుంచి సాగర్ రోడ్డు పట్టుకుంటే దగ్గరే మరి. ఉపాసిక బోధిసిరి శాసనం, అందులో తంబపణ్ణి భిక్షువులు, వాళ్లు ధర్మం చాటిన దేశాల వరస: కాశ్మీరం, గాంధారం, చీనా, వంగ, దమిళ. ఆ శాసనాన్ని నేనూ ప్రేమిస్తాను. సింహళం నుంచి వచ్చినవాళ్ల కోసం ఒక తెలుగు నేల ఆడమనిషి కట్టడం కట్టించిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. కానీ ఒక మిత్రులు ముప్పై ఏళ్లుగా ప్రతి సదస్సులోనూ ఆ శాసనం చదివి, మనం ఆసియాకు జ్ఞానం పంచామని చెప్పి కూర్చుంటున్నారు. మూడో శతాబ్దంలో ఆగిపోయిన పొరుగుతనం ఎవరినీ నొప్పించదు. ఎవరినీ దగ్గరకు కూడా తీసుకురాదు. ఆయన ఆ శాసనం కాలం నుంచి మన తాతల కాలానికి ఒక్కసారి దిగి రావాలని నా మనవి. దిగితే కనిపించే రేవు రంగూన్. మా ఉత్తరాంధ్రలో దాన్ని రంగం అంటాం.

మా తాత శ్రీకాకుళం నుంచి మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు పుచ్చుకుని రంగం వెళ్లాడు. రేవులో బస్తాలు మోశాడు. గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి అలా వెళ్లిన వాళ్లను అక్కడ కోరంగీలు అనేవారు. కోరంగి మన గోదావరి రేవే, పేరు మాత్రం వాళ్ల నోట్లో తిట్టయింది. 1931 నాటికి రంగూన్ జనంలో సగానికి మించి భారతీయులే ఉన్నారంటే, బర్మావాడికి తన రాజధాని ఎలా కనిపించి ఉంటుందో ఊహించండి.

1930 మే నెలలో మన కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడ సరుకు ఎత్తించే గుత్తేదారులు, అంటే స్టీవిడోర్లు, పని కోసం తిరుగుతున్న బర్మా పేదలను దించారు. మే 26న సమ్మె తెగింది, మనవాళ్లు తిరిగి వచ్చారు. బర్మావాళ్లకు పని లేదు పొమ్మన్నారు. ఆ పూటే రేవులో కొట్లాట మొదలై ఊరంతా పాకింది. చచ్చినవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. ఆ ఏడాదిలోనే 'మన బర్మా' అనే అర్థంతో దొబమా సంఘం పుట్టింది. ఏడాది చివర సాయా శాన్ తిరుగుబాటు లేచింది. బర్మా జాతీయోద్యమం దారిలో మన కూలీల నెత్తురుంది. ఇదంతా మీకు తెలిసినదే.

మా తాత ఆ రోజుల గురించి నోరు విప్పలేదు. ఆయన పోయాక మామ్మ ఒకసారి చెప్పింది. "ఆళ్ల ఆడోళ్లు కూడట్టుకుని రేవుకొచ్చీసరికి పన్నేదు పొండన్నారట. మనోళ్లు నవ్వీనారు. ఆ నవ్వేరా కత్తయింది." అప్పటి రంగూన్ మేజిస్ట్రేటు మారిస్ కాలిస్ తన పుస్తకంలో కోరంగీల ఎగతాళి గురించి రాశాడు. మామ్మ ఆ పుస్తకం పేరు కూడా వినలేదు. ఇంగ్లీషు దొర రాసిందీ, చదువు రాని మా మామ్మ చెప్పిందీ ఒకచోట కలిసినప్పుడు నాకు చేతులు వణికాయి. దాని మీద పరిశోధన చేస్తానని ఒక విశ్వవిద్యాలయానికి వెళితే, ముసలమ్మ మాటలు ఆధారం కావని తిప్పి పంపారు. ఆ మాట ఇంకా మన శాఖల్లో నడుస్తూనే ఉంది. అందుకే ఇక్కడ చెబుతున్నాను.

మనం రాసిన కొద్ది పుస్తకాల్లోనూ బర్మా అంటే మనం దెబ్బతిన్న చోటు. 1942లో జపాన్ దాడికి పారిపోయి నడిచొచ్చిన చోటు. 1964లో నె విన్ ప్రభుత్వం కొట్లు లాక్కుని, నోట్లు రద్దు చేసి, మెడలో బంగారం కూడా ఉండనివ్వకుండా ఓడెక్కించిన చోటు. అదంతా నిజం. విశాఖలో బర్మా క్యాంపు ఆ నిజానికి సాక్షి. కానీ ఆ నవ్వు కూడా నిజమే. మేస్త్రీ కమీషను నిజం. చెట్టియార్ల అప్పుల కింద ఐరావతి డెల్టా పొలాలు చేతులు మారడం నిజం. మన నష్టం మాత్రమే రాసుకుని పొరుగువాడిని సఖ్యతకు పిలిస్తే అతను ఎందుకు వస్తాడు?

ఒక్క తెలుగు పరిశోధకుడైనా బర్మా భాష చదవగలడా అని ఈ సభనే అడుగుతున్నాను. రంగం కూలీల మీద ఉన్న ఆండ్రూ పుస్తకం, బాక్స్‌టర్ నివేదిక, విట్లీ కమిషన్ సాక్ష్యాలు అన్నీ ఇంగ్లీషువే. ఆ మే నెలలో రంగూన్ నుంచి వెలువడిన 'తూరియ' పత్రిక ఏం రాసిందో, పని పోయిన బర్మా కూలీ పెళ్లాం ఇంటికి వెళ్లి ఏం చెప్పిందో మనకు తెలియదు. ఫ్రెంచి, జర్మన్ నేర్పే మన నగరంలో, బంగాళాఖాతం అవతలి గట్టు భాష నేర్పడానికి ఒక బల్ల, నాలుగు కుర్చీలు వేయలేమా? ఇది తీర్మానంగా పెట్టమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. నిరుడూ కోరాను.

చైనా, కొరియా, జపాన్ చరిత్రకారులు, టీచర్లు కలిసి రాసిన చరిత్ర పుస్తకం 2005లో మూడు భాషల్లో వెలువడింది. నాన్జింగ్ ఊచకోత లాంటి గాయం మధ్యలో ఉన్నా వాళ్లు ఒక బల్ల దగ్గర కూర్చోగలిగారు. మనది అంతకంటే చిన్న పని. ఒక్క రోజు, 1930 మే 26. ఎడమ పేజీ తెలుగు, కుడి పేజీ బర్మీస్. రాసేవాళ్లు ఇద్దరు చాలు.

ఇంకొక మాట. 1942లో మనవాళ్లు చాలామంది తౌంగుప్ కనమ దాటి అరకాన్ మీదుగా చిట్టగాంగ్ వైపు నడిచారు. కలరాతో దారిలోనే రాలిపోయినవాళ్లున్నారు. మా మామ్మ చంటిబిడ్డ ఆ దారిలోనే ఉండిపోయాడు. అదే అరకాన్ నుంచి ఇళ్లు తగలబడి వచ్చిన రోహింగ్యాలు ఇప్పుడు ఎల్.బి. నగర్‌కు కొద్ది దూరంలో, బాలాపూర్ గుడిసెల్లో ఉంటున్నారు. వాళ్లలో ముసలివాళ్లకు తాతలు చెప్పిన కథల్లో మన నడక ఉండి ఉండవచ్చు. వాళ్లు ఉండాలా వెళ్లాలా అన్న రాజకీయం వేరే వేదిక మీద తేల్చుకోండి. చరిత్రకారుడిగా నేను అడిగేది, సాక్షి ఆటో దూరంలో ఉండగా మనం ఇంతకాలం వెళ్లి ఎందుకు కూర్చోలేదని.

నేను వెళ్లడం మొదలుపెట్టాను. ఆలస్యంగానే, మోకాళ్లు సహకరించని వయసులో. మా ఇంట్లో డెబ్బై మూడు క్యాసెట్లున్నాయి. రంగం నుంచి తిరిగొచ్చినవాళ్లవి, ఎక్కువమంది ఇప్పుడు లేరు. టేపు జిగురెక్కుతోంది, కొన్నిటిలో మాట మధ్యలో తెగుతోంది. మా ఇల్లు చైతన్యపురి మెట్రో నుంచి ఐదు నిమిషాల నడక. భోజనాల విరామంలో వెనక వరసల్లో కూర్చున్న పరిశోధక విద్యార్థులు ఎవరైనా నాతో వస్తే మొదటి పెట్టె ఈ రోజే ఇచ్చేస్తాను. మోయడానికి ఇద్దరు కావాలి.