ఇరుసుకు తగిన కందెన

‘కందెన వేయని బండికి కావలసినంత సంగీతం’ అన్నారు మన పెద్దలు. ఆ సంగీతం వినని పల్లె పూర్వం లేదు. ఎడ్లబండి ఇరుసు ఎండిపోతే ఊరి పొలిమేర దాటకముందే కిర్రుమని అరచి, తనకు కందెన కావాలని తానే యజమానికి విన్నవించుకొనేది. రైతు దిగి, చక్రం లాగి, ఇరుసుకు ఆముదం పట్టించి మరల బయలుదేరేవాడు. మోటారు బండి ఇరుసుకు అంత నోరు లేదు. మూసిన ఇనుప పెట్టెలో, నూనెలో తడుస్తూ, మౌనంగా పనిచేస్తుంది. అది మూలగడం మన చెవిని పడే నాటికి లోపల జరుగవలసిన నష్టం చాలవరకు జరిగిపోయి ఉంటుంది. కావున దానికి ఏ నూనె పోయవలెనో ముందుగానే తెలిసికొని ఉండడం అవసరం. ఈనాడు అంగళ్లలో ‘సింథెటిక్’ అనే మాట కొనేవారిని మిక్కిలిగా ఆకర్షిస్తున్నది. ఆ మాటకు ఎంత విలువ ఇవ్వవచ్చునో విచారించడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

ముందుగా ఆ పెట్టెలో ఏమున్నదో చూద్దాం. ఎడ్లబండిలో ఇరుసు కదలదు. చక్రాలు రెండూ దానిపై వేటికవే తిరుగుతాయి. మలుపులో ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ తిరిగినా ఇబ్బంది లేదు. మోటారు బండిలో ఇంజను శక్తి ఇరుసు ద్వారానే చక్రాలకు అందవలెను. రెండు చక్రాలనూ ఒకే ఇరుసుకు బిగించి తిప్పితే మలుపు దగ్గర చిక్కు వస్తుంది. చక్రాల మధ్య దూరం మీటరున్నర అనుకొందాం. బండి ఒక పూర్తి వలయం చుట్టివచ్చేసరికి బయటి చక్రం లోపలి చక్రంకంటె సుమారు 9.4 మీటర్లు అధికంగా నడుస్తుంది. వలయం చిన్నదైనా పెద్దదైనా ఈ తేడా మారదు. దీనిని సర్దే పళ్లచక్రాల అమరికకే డిఫరెన్షియల్ అని పేరు. ఫ్రాన్సు దేశపు గడియారాల పనివాడు ఒనెసిఫోర్ పెక్కూర్ 1820 దశకం చివర దీనికి పేటెంటు పొందాడు.

ఆ పెట్టెలోనే క్రౌను, పినియను అనే మరి రెండు పళ్లచక్రాలు ఉంటాయి. ఇంజను నుంచి పొడుగు షాఫ్టు ద్వారా వచ్చే భ్రమణాన్ని అడ్డంగా మళ్లించి ఇరుసుకు అందించేవి ఇవే. పూర్వం పినియను క్రౌను కేంద్రానికి సూటిగా ఉండేది. 1920 దశకం ద్వితీయార్ధంలో అమెరికాలోని పాకార్డ్ కార్లలో పినియనును కేంద్రంకంటె దిగువకు దించి అమర్చారు. దీనిని హైపాయిడ్ అమరిక అంటారు. దానితో షాఫ్టు కిందికి దిగి, కారు నేలకు దగ్గరయింది, శబ్దమూ తగ్గింది. కాని ఒక కష్టం వచ్చిపడింది. ఈ అమరికలో పళ్లు ఒకదానిపై ఒకటి దొర్లడమే కాక, పొడుగునా రాసుకొంటూ జారుతాయి. రోటిలో రోకటి పోటుకూ, సన్నికల్లుపై పొత్రం రాపిడికీ ఉన్నంత భేదం ఇది. ఆ ఒత్తిడిలో మామూలు నూనె పొర తెగి, లోహం లోహాన్ని తాకుతుంది. దీనికి విరుగుడుగా గంధకం, భాస్వరం గల ద్రవ్యాలను నూనెలో చేర్చుతారు. రాపిడి వేడికి అవి ఉక్కుతో కలిసి పళ్లపై పలుచని పొరగా ఏర్పడతాయి. ఆ పొర అరుగుతూ, మరల ఏర్పడుతూ, పంటిని కాపాడుతుంది. గేరు ఆయిలు డబ్బా మూత తీయగానే ముక్కుకు సోకే ఘాటు చాలవరకు ఆ గంధకానిదే.

మా బావమరిది ఒకడు విశాఖ మన్యంలో, ఘాటు రోడ్లమీద జీపు నడిపి కుటుంబాన్ని పోషించుకొంటున్నాడు. ఘాటులో ఇరుసుకు విశ్రాంతి లేదు. ఎక్కేటప్పుడు ఇంజను బలమంతా పళ్లకు ఒక వైపు పడుతుంది. దిగేటప్పుడు, గేరులో ఉంచి వేగం అదుపు చేస్తాము కాబట్టి, రెండవ వైపు పడుతుంది. అతని జీపు వెనుక ఇరుసు ఒక ఏడు మూలగడం మొదలుపెట్టింది. విప్పి చూస్తే క్రౌను పళ్లు గీతలు పడి అరిగిపోయి ఉన్నాయి. పిల్లల బడి జీతాలకు దాచిన సొమ్ము కొత్త జతకు ఖర్చయింది. మూడు వారాలు జీపు షెడ్డులో, అతడు ఇంటిలో ఉండిపోయారు.

“బావగారూ, అంగడిలో అన్నిటికంటె ఖరీదైన సింథెటిక్ ఆయిలే పోయించాను. అయినా ఇట్లా అయింది, నా రాత చూడండి” అని వాపోయాడు.

“ఆ డబ్బా ఉన్నదా?” అని అడిగాను. తెచ్చి చూపించాడు. మంచి నూనే. సందేహం లేదు. కాని డబ్బాపై ‘జి.ఎల్. 4’ అని స్పష్టంగా అచ్చువేసి ఉన్నది. అది గేరు పెట్టెకు ఉద్దేశించిన నూనె. జీపుతో వచ్చిన పుస్తకం వెనుక ఇరుసుకు ‘జి.ఎల్. 5’ పోయుమని చెప్పుతున్నది. ఆ పుస్తకం మూడేళ్లుగా సీటు కిందనే ఉన్నది.

ఇందులోనుంచి మనం గ్రహించవలసినది ఒకటే. సింథెటిక్ అనే మాట నూనె తయారైన విధానాన్ని తెలుపుతుంది. అది ఏ పనికి తగినదో తెలుపదు. తగినదా కాదా అన్నది డబ్బాపైనున్న మరి రెండు గుర్తులు చెప్పుతాయి.

మొదటిది తరగతి. అమెరికన్ పెట్రోలియం సంస్థ గేరు నూనెలను జి.ఎల్. అనే అక్షరాలతో, అంకెలతో వర్గీకరించింది. వాటిలో జి.ఎల్. 5 అధిక ఒత్తిడినీ, అదురునూ భరించే హైపాయిడ్ ఇరుసులకు ఉద్దేశించినది. జి.ఎల్. 4లో రక్షక ద్రవ్యాలు దానికంటె తక్కువ. అట్లాగని జి.ఎల్. 5 అన్నిచోట్లా శ్రేష్ఠమని తలచరాదు. గేరు పెట్టెలలో ఇత్తడి రింగులు ఉండవచ్చు; ఇరుసులోని ఉక్కును కాపాడే గంధకపు ద్రవ్యాలే ఆ ఇత్తడిని తినివేయగలవు.

రెండవది చిక్కదనం. ‘75డబ్ల్యు-90’, ‘80డబ్ల్యు-90’, ‘85డబ్ల్యు-140’ అని వ్రాసి ఉంటుంది. మన మెకానిక్కులు ‘90 ఆయిలు’, ‘140 ఆయిలు’ అనేది చివరి అంకెనుబట్టియే. నీరు మరిగే వేడిలో, అనగా 100 డిగ్రీల సెంటిగ్రేడులో, నూనె ఎంత చిక్కగా నిలుస్తుందో ఆ అంకె చెప్పుతుంది. డబ్ల్యుతో ఉన్న మొదటి అంకె చలికి సంబంధించినది. 75డబ్ల్యు నూనెను సున్నకు దిగువ 40 డిగ్రీల వద్ద, 80డబ్ల్యును 26 డిగ్రీల వద్ద, 85డబ్ల్యును 12 డిగ్రీల వద్ద పరీక్షిస్తారు. లడఖ్ చలిలో తిరిగే బండికి ఈ భేదం ప్రాణప్రదం. రెంటచింతలలోనో రామగుండంలోనో తిరిగే బండికి వేసవి వేడిని తట్టుకొనే చివరి అంకెయే ముఖ్యం. అయితే చిక్కన మంచిదని పుస్తకం 90 అన్నచోట 140 పోయడం కూడా తగదు. నూనెను కలియబెట్టడానికే కొంత శక్తి వృథా అయి, ఇంధనం ఖర్చు పెరుగుతుంది.

ఈ రెండు గుర్తులూ సరిపోయిన తరువాతనే సింథెటిక్ ప్రశ్న. ముడి చమురును శుద్ధిచేసి తీసిన మామూలు నూనెలో రకరకాల అణువులు, కొంత మైనమూ కలిసి ఉంటాయి. సింథెటిక్ నూనెలలో ప్రధానమైన జాతిని, చిన్న అణువులను రసాయనశాలలో కోరిన కొలతకు కూర్చి తయారుచేస్తారు. అందుచేత అది చలికి గడ్డకట్టదు, వేడికి త్వరగా పలుచబడదు, గాలి సోకి తొందరగా చెడదు. అయితే ముడి చమురునుంచే తీవ్రమైన శుద్ధిక్రియతో తీసిన నూనెను కూడా ఆ పేరుతో అమ్ముతున్నారు. వ్యాపార ప్రకటనల వివాదాలను పరిశీలించే ఒక అమెరికా సంస్థ 1999లో అట్లా పిలవడాన్ని తప్పుపట్టలేదు. అందువల్ల ఆ మాట ఒక్కటే నాణ్యతకు కొలబద్ద కాజాలదు.

మరి దానికి అధిక మూల్యం ఎవరు ఇవ్వవలెను? బరువుతో ఘాటులెక్కే బండి, ఎండలో గంటల తరబడి ఆగక పరుగెత్తే లారీ, ట్రాలీ లాగే జీపు ఉన్నవారికి ఆ ఖర్చు దండుగ కాదు. నూనె ఎంత వేడెక్కితే అంత త్వరగా చెడుతుంది కాబట్టి, వేడిని తట్టుకొనే నూనె అక్కడ రక్షణ ఇస్తుంది. ఊరిలోనే తేలికగా తిరిగే బండికి తగిన తరగతి మామూలు నూనెను గడువు ప్రకారం మార్చితే చాలు. పుస్తకమే సింథెటిక్ పోయుమని చెప్పినచోట మాత్రం మరి ఆలోచన లేదు.

రెండు హెచ్చరికలు. ముందు చక్రాలతో నడిచే చిన్న కార్లలో డిఫరెన్షియల్ సాధారణంగా గేరు పెట్టెలోనే ఇమిడి ఉంటుంది. దానికి వేరు నూనె లేదు. అట్టి కారుకు గేరు పెట్టె నూనెనే పోయవలెను. ఇక కొన్ని బండ్ల డిఫరెన్షియళ్లలో, చక్రం బురదలో ఊరక తిరుగకుండా, క్లచ్చి పలకలు అమర్చి ఉంటాయి. వాటికి తగిన ప్రత్యేక ద్రవ్యం నూనెలో లేకపోతే మలుపులలో ఇరుసు గడగడలాడుతుంది.

నూనె మార్చేటప్పుడు బండిని చదునైన నేలపై నిలిపి, ముందు పైనున్న పోసే బిరడా ఊడునో లేదో చూచి, ఆ తరువాతనే కింది బిరడా విప్పవలెను. పాత నూనె అంతా కారిపోయాక పై బిరడా ఊడకపోతే బండి కదలదు. కింది బిరడాకు అయస్కాంతం ఉంటే దానిపై బూడిదరంగు మెత్తని ముద్ద కనబడడం సహజం. ఉక్కు పెచ్చులు కనబడితే మెకానిక్కుకు చూపించవలెను. నూనె మజ్జిగవలె తెల్లబడితే నీరు చేరిందన్నమాట. వాగులు దాటిన బండికి ఇది పరీక్షించి తీరవలెను. కొత్త నూనె సాధారణంగా పోసే రంధ్రం అంచు వరకే ఉండవలెను. అధికంగా పోసినా, ఇరుసుపైనున్న గాలి గొట్టం మట్టితో పూడినా, ఆయిలు సీళ్లు కారి, నూనె బ్రేకులపై పడుతుంది. ఘాటు దిగేటప్పుడు అది ఎంతటి ప్రమాదమో వేరుగా చెప్పనక్కరలేదు.

మా బావమరిది ఇప్పుడు 80డబ్ల్యు-90, జి.ఎల్. 5 పోయిస్తున్నాడు. కొద్ది రోజుల క్రితం కలిసినప్పుడు సింథెటిక్ కొనమంటారా అని అడిగాడు. “నీ బండి మోసే బరువుకు కొనవచ్చు. కాని ముందు డబ్బా తిప్పి తరగతి చదువు” అన్నాను. నవ్వి, జేబులోనుంచి ఒక కాగితం తీసి చూపించాడు. పుస్తకంలోని ఆ రెండు గుర్తులూ ఎత్తి వ్రాసికొన్నాడు. బండి ఉన్న ప్రతి ఇంటిలోనూ అటువంటి కాగితం ఒకటి ఉండడం మంచిది.