ప్రశ్న ఎవరిది? (అధ్యక్షోపన్యాసం)



ఏడాదిలో ఏ శాస్త్రం ఎంత దూరం నడిచిందో చెప్పడం అధ్యక్షోపన్యాసానికి ఆనవాయితీ. ఆ జాబితా ఎలాగూ అందరి చేతుల్లో ఉంది: పెరోవ్‌స్కైట్ సోలార్ సెల్స్, సోడియం బ్యాటరీలు, మెషిన్ లెర్నింగ్‌తో ప్రొటీన్ల ఆకృతులు, చిరుధాన్యాల జన్యువులు. అన్నీ మంచి అంశాలే. అయితే అది చదివాక, ముప్పై ఏళ్లుగా ఈ అధ్యక్షుణ్ణి వదలని సందేహం మళ్లీ పైకి లేచింది. వీటిలో స్కాలరు తనంతట తాను అడిగిన ప్రశ్నలెన్ని? గైడు చేతిలో పెట్టినవెన్ని?

చిన్న సందేహంలా కనిపిస్తుంది. మిగతావన్నీ దీని తర్వాతే.

గణాంకవేత్త సి.ఆర్. రావు కథ చూడండి. ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, సైన్యంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు. ఉద్యోగం రాలేదు. 1941లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. తర్వాత తరగతిలో గణాంకవేత్త ఫిషర్ సిద్ధాంతం చెబుతుంటే ఒక విద్యార్థి లేచి, పెద్ద నమూనాలకు చెప్పిన ఈ ఫలితం చిన్న నమూనాలకూ చెప్పగలమా అని అడిగాడు. దానికి జవాబు వెతకబోతే దొరికిందే నేడు లోకమంతా క్రామర్-రావు అవధి అని పిలిచే ఫలితం. 1945లో కలకత్తా మేథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో అచ్చయింది. అప్పటికి రావుగారికి పాతికేళ్లు నిండీ నిండలేదు. ఆ వ్యాసాన్నే ముఖ్యంగా చూపి 2023లో అంతర్జాతీయ గణాంక పురస్కారం ఇచ్చారు.

లాల్జీ సింగ్ కథ ఇంకా దగ్గరిది. వారణాసిలో పరిశోధన మొదలుపెట్టినప్పుడు ఆయన ఆసక్తి పాముల క్రోమోజోముల మీద. పాముల్లో ఆడా మగా ఎలా నిర్ణయమవుతాయన్నది ప్రశ్న. అది ఎవరికి పనికొస్తుందని ఆనాడు అడిగి ఉంటే జవాబు ఉండేది కాదు. కట్లపాము డీఎన్ఏలో ఆయన పట్టుకున్న ఒక పునరావృత వరుసే తర్వాత మనుషుల్ని గుర్తించే ఒక పద్ధతికి ఆధారమైంది. 1980ల చివరికి హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థ నుంచి దేశంలోని న్యాయస్థానాలకు డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ అందింది. పాము మీద ప్రశ్నే కోర్టు దాకా నడిచింది.

ఇక మన వాళ్ల వాదం. “ముందు డిగ్రీ తెచ్చుకో, ఉద్యోగం రానీ, ఆ తర్వాత నీ ఇష్టం” అని ఎన్ని గదుల్లో చెప్పారో! మన దేశంలో యువ శాస్త్రవేత్తలకిచ్చే భట్నాగర్ పురస్కారానికి వయోపరిమితి 45 ఏళ్లు. సొంత ప్రశ్న అడగడానికి అంతవరకు ఆగినవాడికి అడిగే అలవాటే పోతుంది.

ఇంకో వాదమూ ఉంది. “ఎవరి శాస్త్రంలో వాళ్లు లోతుకు దిగాలి, గట్టు దాటితే పలచబడతారు” అని ఇలాంటి వేదికల మీదే గట్టిగా వాదించిన పండితులున్నారు. వారి పాండిత్యం మీద గౌరవం ఉంది. ఆ వాదం మీద మాత్రం లేదు. వెంకీ రామకృష్ణన్ 1976లో భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ పట్టా తీసుకుని, మళ్లీ జీవశాస్త్ర విద్యార్థిగా బెంచీ మీద కూర్చున్నారు. రైబోజోమ్ నిర్మాణానికి 2009లో నోబెల్ వచ్చింది, అదీ రసాయనశాస్త్రంలో. ఆయన ఎన్ని గట్లు దాటారో లెక్కపెట్టుకోవచ్చు.

ఈ పట్టుదల వెనక ఒక పాత బాధ ఉంది. ఈ అధ్యక్షుడు రసాయనశాస్త్రంలో స్కాలరుగా ఉన్న రోజుల్లో సెలవులకు ఊరెళ్లి, పన్నెండు బావుల నీళ్లు సీసాల్లో నింపి, ఒక్కో సీసాకు బావి పేరు రాసి ల్యాబుకు తెచ్చాడు. ఊళ్లో పిల్లల పళ్లు గారపట్టి ఉండేవి, నలభై ఏళ్లకే నడుములు వంగిపోయేవి. “ఇది మన సబ్జెక్టు కాదు” అన్నారు ల్యాబులో. వేసవి తర్వాత వచ్చి చూస్తే అరలో సీసాలు లేవు. నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను 1937లోనే గుర్తించి వైద్య పత్రికలో రాశారన్న సంగతి ఆ స్కాలరుకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. పటిక, సున్నం కలిపి నీటిలో ఫ్లోరైడు తగ్గించే నల్గొండ పద్ధతి గురించీ అప్పుడే తెలిసింది. ఆ నీళ్లు రసాయనశాస్త్రానివీ, వైద్యానివీ, భూగర్భశాస్త్రానివీ కూడా.

నేటి ఉద్దానం కూడా అలాంటిదే. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల కొబ్బరి, జీడితోటల సీమ అది. షుగరు, బీపీ లేనివాళ్లకూ అక్కడ కిడ్నీలు పాడవుతున్నాయి. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. కారణం మాత్రం ఇప్పటికీ తేలలేదు. భూగర్భశాస్త్రం స్కాలరు నీటిలో సిలికా కొలుస్తాడు, వైద్యుడు రక్తంలో క్రియాటినిన్ చూస్తాడు, వ్యవసాయశాస్త్రం అమ్మాయి పురుగుమందుల అవశేషాలు వెతుకుతుంది, ఎండలో పనిచేసేవాళ్ల ఒంట్లో నీరెంత తగ్గుతోందో మరొకరు చూస్తారు. నలుగురూ ఒకే ఊరికి వెళ్తారు, ఒకే ఇంట్లో మంచినీళ్లు తాగుతారు. నాలుగు పేపర్లు నాలుగు పత్రికల్లో వస్తాయి. ఒకరి అంకెలు ఇంకొకరికి చేరవు. ఈ నలుగురి అంకెల్నీ ఒకచోట చేర్చే థీసిస్‌కు పూనుకునే విభాగం ఏది?

నిబంధనల వల్ల కుదరదనే మాట ఇక్కడ చెల్లదు. అంశం రెండు శాస్త్రాలకు చెందినదైతే వేరే విభాగం నుంచి కో-గైడును పెట్టుకోవచ్చని యూజీసీ ఎన్నడో చెప్పింది. అడ్డొచ్చేవి మన గట్లే.

అందుకని విన్నపాలు రెండు. వైవాలో మొదట “ఈ ప్రశ్న నీకెలా తట్టింది?” అని అడగండి. ఆ జవాబును స్కాలరు చేత నాలుగు పేజీల్లో, తెలుగులో రాయించి థీసిస్ మొదట్లో చేర్చండి. అలాంటి పేజీలు మన దగ్గర దాదాపు లేవు. తర్వాత వచ్చే పిల్లలకు ఫలితాల కంటే ముందు కావలసింది అవే.

రెండోది ఈ సాయంత్రం పని. ఉద్దానం మీద వేరే విభాగం స్కాలరుకు కో-గైడుగా ఉండటానికి సిద్ధపడేవాళ్ల కోసం హాలు బయట బల్ల మీద ఒక పుస్తకం పెట్టించాం. పేరు, విభాగం, ఫోను నంబరు రాసి వెళ్లండి.