నాలుగు వందల తులములు ఎవరు తూచి ఇచ్చిరి?

మీలో కొందరు పొయ్యి దగ్గర నిలబడి వింటూ ఉండవచ్చు, కొందరు ఆసుపత్రి మంచము మీద నుండి వింటూ ఉండవచ్చు. ఎక్కడ ఉన్నా ఈ పది నిమిషములు నాకు ఇవ్వండి. ఈ ఉదయము నేను ఒక తప్పు ఒప్పుకోవడానికి వచ్చాను. ఆ తప్పు నాదే.

మా సంఘములో ఒక తల్లి ఉంది. చిక్కడపల్లిలో ఒక్క గది ఇంట్లో అద్దెకు ఉంటుంది. అశోక్ నగర్‌లో పోటీ పరీక్షలకు చదివే పిల్లల హాస్టలులో వంట చేస్తుంది. ఆమె కుమారుడు కూడా గ్రూప్-2 పరీక్షకు చదువుతున్నాడు. ప్రొద్దున్నే సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లి కుర్చీ పట్టుకుంటే మరల రాత్రికే ఇల్లు. ఆమె భర్త ఆర్టీసీ కండక్టరు. ఆయన ప్రభువు సన్నిధికి వెళ్లి కొన్నేళ్లు అయింది. ఆయనకు ఒక అలవాటు ఉండేది. టికెట్ల సంచిలో చిల్లర లెక్కపెట్టేటప్పుడు వింతగా ఉన్న నాణెము కనబడితే తీసి పక్కన పెట్టేవాడు. ఊరికే తీసుకునేవాడు కాదు. తన జేబులోని ఐదు రూపాయలు సంచిలో వేసి, ఆ నాణెము ఇంటికి తెచ్చేవాడు. అలా ఒక బిస్కెట్ డబ్బా నిండింది.

ఒక ఆదివారము ఆరాధన అయ్యాక ఆ తల్లి చీర కొంగు ముడి విప్పి ఒక ఐదు రూపాయల నాణెము నా చేతిలో పెట్టింది. 1990లలో వచ్చిన మందపాటి నాణెము, 9 గ్రాములు తూగేది. దాని మీది అచ్చు కొంచెము ఒక పక్కకు జరిగి ఉంది. "అయ్యగారూ, ఇలాంటిదే ఫోన్‌లో మూడు లక్షలని పెట్టారట, మా అబ్బాయి చూపించాడు" అన్నది. నేను ఫోన్ తీసి చూశాను. నిజమే, మూడు లక్షలు అని ఉన్నది. దాని క్రింద మరొకటి ఐదు లక్షలు. ప్రియులారా, చిన్నతనములో నేను కూడా నాణెములు కూర్చినవాడనే. అయినా ఒక్క ప్రశ్న అడగలేదు. "అమ్మా, దేవుడు నీకు ద్వారము తెరిచాడు" అన్నాను. బుధవారము ప్రార్థన కూటములో దానిని సాక్ష్యముగా చెప్పించాను కూడా. అందరూ హల్లెలూయ అన్నారు.

ఆ మాట పట్టుకుని ఆమె కుమారుని కోచింగ్ ఫీజు కొరకు నలభై వేలు చేబదులు తెచ్చింది, నూటికి మూడు రూపాయల వడ్డీకి. అమ్ముడు పోగానే తీర్చేయవచ్చు కదా అనుకున్నది.

ఈ పొరపాటు నాణెములు అసలు ఎలా పుడతాయో ముందు చెప్పనివ్వండి. లోయర్ ట్యాంక్ బండ్ దగ్గర కట్ట మీద నిలబడితే హుస్సేన్ సాగర్‌కు ఆవలి వైపున సైఫాబాద్ ఉన్నది. అక్కడ 1903 నుండి టంకశాల నడిచింది. 1997లో చర్లపల్లికి మారింది. టంకశాలలో బోడి లోహపు బిళ్లను రెండు అచ్చుల మధ్య ఉంచి గట్టిగా నొక్కుతారు. చుట్టూ ఒక ఉంగరము వంటిది బిళ్లను పట్టి ఉంచుతుంది. బిళ్ల సరిగా కూర్చోకపోతే బొమ్మ పక్కకు జరిగి, ఒక అంచు బోడిగా మిగులుతుంది. ముందు కొట్టిన నాణెము అచ్చుకే అంటుకుని ఉండిపోతే, తరువాతి బిళ్ల మీద ఒకే బొమ్మ రెండు వైపులా పడుతుంది, ఒక వైపు అద్దములో చూసినట్టు లోపలికి గుంటగా. నాణెములు కూర్చేవారు దీనిని లఖీ అంటారు. వీటికి విలువ లేదని నేను అనను. కూర్చేవారు ఉన్నారు, కొనేవారు ఉన్నారు. అచ్చు ఎంత ఎక్కువ తప్పితే అంత ఆసక్తి. కాని సుత్తితో కొట్టినది, ఆమ్లములో ముంచినది, గారడీవాని కొరకు రెండు నాణెములు కోసి అతికించినది, ఇవి టంకశాల పొరపాట్లు కావు. నాణెము బయటికి వచ్చిన తరువాత మనుష్యులు చేసిన పనులు.

ఇంకొక మాట. సంవత్సరము క్రింద నక్షత్రము ఉన్నది కనుక అరుదైనదని చెప్పి వేలల్లో అడుగుతున్నారు. ఆ నక్షత్రము మన హైదరాబాద్ టంకశాల గుర్తు. చుక్క నోయిడాది, వజ్రపు ఆకారము ముంబయిది, కోల్‌కతాకు ఏ గుర్తూ లేదు. మన ఊరి గుర్తునే మనకు వింతగా చూపించి అమ్ముతున్నారు! నారాయణగూడ కూరగాయల బండి దగ్గర ఇచ్చే చిల్లరలో చూడండి, ఎన్ని నక్షత్రములు దొరుకుతాయో.

ఇప్పుడు ఆదికాండము 23వ అధ్యాయమునకు రండి. శారా హెబ్రోనులో మృతి పొందినది. అబ్రాహాము ఆమెను పాతిపెట్టుటకు మక్పేలా గుహ అడిగాడు. ఎఫ్రోను మొదట ఊరకనే ఇస్తానన్నాడు. తరువాత, నీకూ నాకూ మధ్య అదెంత అన్నట్టుగా, నాలుగు వందల తులముల వెండి అని ధర వినిపించాడు. ఇది ఎక్కువ ధర అని చెప్పే వ్యాఖ్యాతలు ఉన్నారు. యిర్మీయా తన పినతండ్రి కుమారుని పొలమును పదియేడు తులములకు కొన్నాడు. దావీదు కళ్లమును ఎడ్లతో కూడ ఏబది తులములకు కొన్నాడు. పొలమంతా ఒక్కటి కాదు, కాలమూ ఒక్కటి కాదు, అది నేను ఒప్పుకుంటాను. కాని నేను చూపించదలచినది వేరే. ఎఫ్రోను నోట నాలుగు వందలు అన్నప్పుడు అది ఇంకా ధర కాలేదు. ఊరి ద్వారమున అందరూ వినుచుండగా అబ్రాహాము వెండి తూచి ఇచ్చాడు చూడండి, అప్పుడు అది ధర అయింది.

ఫోన్‌లో మనము చూసిన మూడు లక్షలు ఎవరు తూచి ఇచ్చారు? ఎవ్వరూ ఇవ్వలేదు. అక్కడ ప్రకటన పెట్టడానికి చాలా చోట్ల ఒక్క పైసా ఖర్చు లేదు. ఒకడు మూడు లక్షలు అని వ్రాస్తాడు. అది చూచి రెండవవాడు ఐదు అంటాడు. ఆ రెండింటినీ చూపించి ఈ నాణెము మీ ఇంట్లో ఉంటే మీరు లక్షాధికారులు అని వాట్సాప్‌లో మూడవవాడు పంపుతాడు. ఆ ముగ్గురిలో ఒక్కనికైనా అమ్ముడు పోలేదు. 2008లో బ్రిటనులో కూడ ఇట్లే జరిగింది. అక్కడి టంకశాల ఇరవై పెన్సుల నాణెమునకు పాత అచ్చు ఒకటి, కొత్త అచ్చు ఒకటి కలిపి కొట్టింది, సంవత్సరము ఎక్కడా పడలేదు. అది నిజమైన పొరపాటే. కొందరు వేల పౌండ్లు అడిగారు. సాధారణముగా అది చేతులు మారినది పదుల పౌండ్లలోనే. అడిగిన ధరలు చూడకండి, అమ్ముడు పోయిన ధరలు చూడండి. వేలము వేసే సంస్థలు పాట ముగిసిన ధరలను ప్రచురిస్తాయి. చేతితో చూచి కొనే వ్యాపారి ఎంత ఇస్తాడో అడగండి, ఇద్దరు ముగ్గురిని అడగండి.

నేను ఆ పని చేయలేదు. ఆ తల్లికి ఒక ఫోన్ వచ్చింది. మీ నాణెము రిజర్వు బ్యాంకువారు కొంటున్నారు, రిజిస్ట్రేషన్ 1,850 రూపాయలు కట్టండి అన్నారు. కట్టింది. పన్ను అని 9,000 అడిగారు. అదీ కట్టింది. మరల 22,000 అన్నప్పుడు నా దగ్గరికి వచ్చింది. అప్పటికి ఆమె నిద్రపోయి నాలుగు రోజులైనదట. రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టు 4న బహిరంగముగా హెచ్చరించింది. పాత నోట్లు, నాణెములు కొనే అమ్మే వ్యవహారములలో తాము లేమని, ఎవరి దగ్గరా రుసుము గాని కమీషను గాని అడగమని, తమ పేరున వసూలు చేయడానికి ఎవరికీ అధికారము ఇవ్వలేదని చెప్పింది. ఆ హెచ్చరిక నేను బుధవారము చదివి ఉంటే సరిపోయేది. ఎవరికైనా ఇలా జరిగితే ఆలస్యము చేయక 1930 నంబరుకు ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు నిలపడానికి అంత వీలు. మేము చేసేసరికి చాలా రోజులైపోయింది.

నాణెము తీసుకుని వ్యాపారి దగ్గరికి వెళ్లాము. ఆయన భూతద్దము పెట్టి చూశాడు, తూచాడు. "నిజమైనదేనమ్మా, కాని అచ్చు కొంచెమే జరిగింది. మూడు వందలు ఇస్తాను" అన్నాడు.

తిరిగి వస్తుండగా దారిలో ఆ అబ్బాయి ఒక మాట అన్నాడు. "అయ్యగారూ, మేము కూడా రెండు లక్షలకు పెడతాము. అబద్ధము చెప్పడము లేదు కదా, ధర అడుగుతున్నాము అంతే. కొనేవాని ఇష్టము." నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎక్కువ అడగడము ధర్మశాస్త్రములో నేరము కాదు. ఎఫ్రోనును దేవుడు శిక్షించలేదు. కాని ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయములో ఒకే సంచిలో పెద్దది ఒకటి, చిన్నది ఒకటి తూనికరాళ్లు ఉంచుకొనకూడదని దేవుడు చెప్పాడు. వ్యాపారి దగ్గర మూడు వందలని విన్నాము. ఇప్పుడు మన సంచిలో మూడు వందల రాయి ఉన్నది. రెండు లక్షల రాయి కూడా వేసుకుంటే? మూడు వందల సంగతి తెలిసినవాడు దానిని కొనడు. తెలియనివాడే మనకు దొరకాలి. అంటే మీ అమ్మ వంటి మరొక తల్లి. అలా అన్నాను. అబ్బాయి ఏమీ అనలేదు. కాసేపయ్యాక ఆ తల్లే అన్నది, "మీ నాన్న ఐదు రూపాయలు వేసి తెచ్చాడురా."

బుధవారము కూటములో నేను లేచి, ముందు చెప్పించిన సాక్ష్యము తప్పని, ద్వారము తెరిచినది దేవుడు కాదు, నా తొందర అని చెప్పాను. కష్టమైనది, దాచను. అప్పులో కొంత సంఘము తీర్చింది, నా వంతు నేను ఇచ్చాను. మిగతా నెలనెలా ఆ తల్లే కడుతున్నది. ఆ నాణెము అమ్మలేదు. డబ్బా మరల అలమారలో పెట్టింది. అబ్బాయి దాని మీద ఒక చీటీ అంటించాడు, ఏ నాణెము ఏ రోజు ఏ బస్సులో దొరికిందో అమ్మకు గుర్తున్నంతవరకు వ్రాసి.

వచ్చే వారము ఇదే సమయమునకు కలుసుకుందాము. అంతవరకు ప్రభువు కృప మీకు తోడై యుండును గాక. ఆమేన్.