పొగపొయ్యికి పాత డ్రమ్ము



కొల్లేటి ఒడ్డున, దివిసీమలో చేపలు దండిగా పడినప్పుడు ఉప్పువేసి ఎండబెట్టుకోవడం మనకు తెలిసినదే. మరి ముసురుపట్టి నాలుగు రోజులు ఎండ మొగం చూపకపోతే? అటువంటప్పుడు చేపకుగాని, మాంసానికిగాని పొగపెట్టుకోవచ్చు. అందుకు 200 లీటర్ల పాత ఇనుప డ్రమ్ము ఒకటి చాలు. పొయ్యి అమర్చడం సులువే. డ్రమ్మును ఎంచి శుద్ధిచేయడమే అసలు పని.

బెజవాడలోనైనా, మీ ఊరి పాత ఇనుము కొట్టులోనైనా ధర అడిగేముందు "ఇందులో ఇదివరకు ఏం పోశారండీ?" అని అడగండి. వంటనూనె అయితే సరే. పురుగుమందు, యాసిడ్, రంగు, పెట్రోలు పోసినది వద్దు. ఏం పోశారో చెప్పలేకపోతే అదీ వద్దు. జింకు పూత ఉన్నదీ పనికిరాదు. కాలితే దాని పొగ జ్వరం తెప్పిస్తుంది.

"కడిగితే పోదా?" అంటారు కొందరు. పైన పటారం, లోన లొటారం! మందు అతుకుల్లోను, తుప్పులోను దాగి ఉంటుంది. 1958లో కేరళలో, పారాథియాన్ మందుతోపాటు రవాణా అయిన గోధుమపిండి తిని వందమందికి పైగా చనిపోయారు. ఆ తరువాతనే 1968లో పురుగుమందుల చట్టం వచ్చింది. ఖాళీ డబ్బాలను మళ్లీ వాడకుండా పగులగొట్టి, ఇళ్లకు దూరంగా పాతిపెట్టాలని 1971 నాటి నిబంధనలు చెప్పాయి.

ఇక డ్రమ్ము పైభాగం కోయడం. ఖాళీదే కదా అని గ్యాసుమంటతో కోయబోకండి. నిండు డ్రమ్ముకంటె ఖాళీ డ్రమ్మే ప్రమాదం. అడుగున మిగిలిన జిడ్డు వేడికి ఆవిరై, గాలితో కలిసి, మంట తగిలితే పేలుతుంది. ముందుగా బిరడాలు రెండూ తీసి, వేడినీళ్లు, చాకలిసోడా పోసి బాగా దొర్లించి కడగవలెను. తరువాత నిలబెట్టి, అంచుకు నాలుగు వేళ్ల కిందివరకు నీళ్లు నింపి, బిరడాలు తీసే ఉంచి, ఉలితో సుత్తితో కోయవలెను. ఊడదీసే మూత ఉన్న డ్రమ్ము దొరికితే ఈ కోత బాధే లేదు.

నీళ్లు పారబోసి, అడుగున ప్రక్కలకు అంగుళం వెడల్పు చిల్లులు నాలుగు వేయండి. ఇంటికి, పశువుల కొట్టానికి దూరంగా తీసుకుపోయి, గాలికి ఎదురుగా నిలబడకుండా, లోపల పెద్దమంట వేయండి. లోపలి పూత, బయటి రంగు పూర్తిగా కాలి రాలిపోవాలి. చల్లారాక ఇసుకతో తోమి, కడిగి, ఆరబెట్టి, లోపల వేరుసెనగ నూనె పూయండి. మరి రెండు గంటలు సన్నమంట పెడితే పొయ్యి సిద్ధం.

పైన మూడోవంతు దిగువన ఇనుప చువ్వలు అమర్చి, మూత కొంచెం సందుంచి వేయండి. తుమ్మ, మామిడి కట్టె, కొబ్బరిపీచు వాడవచ్చు. రంగువేసిన చెక్క, ప్లైవుడ్ కూడదు. చేపను కడిగి, పేగులు తీసి, ఉప్పుపట్టించాకనే పెట్టండి. లోపలిదాకా ఉడకాలి. పొగపెట్టినంతమాత్రాన నెలలు నిలవ ఉండదు. ఆనాడే తినడం మేలు.

గ్రామాల్లో తిరిగే విస్తరణ సిబ్బందికి ఒక మనవి. మందు డబ్బా ఖాళీ అయినచోటనే, మూడుసార్లు కడిగించి, ఆ నీళ్లు పిచికారీ పంపులోనే పోయించి, డబ్బాకు చిల్లులు పొడిపించండి. చిల్లులు పడిన డబ్బా నీళ్లకూ, గింజలకూ, పొయ్యికీ పోదు.