తన సొమ్ము తనకందని మూడు వారములు

సికింద్రాబాదులో 1994లో వెలసిన గ్లోబల్ ట్రస్టు బ్యాంకు కొలది యేండ్లలోనే మంచి పేరు గడించినది. రైతు విత్తనమంతయు ఒకే చేనిలో చల్లడు. ఈ బ్యాంకువారు మాత్రము షేరు బజారు వ్యాపారులకు మితిమీరి అప్పులిచ్చిరి. 2001లో బజారు కూలగా బాకీలు మొండివడెను. లెక్కలలో లాభము కనబడుచుండగనే, మూలధనము హరించిపోయినదని రిజర్వు బ్యాంకు తనిఖీలో తేలెను.

డైరెక్టర్ల యోగ్యతను ముందుగా విచారింపవలెనని రిజర్వు బ్యాంకు 2004 జూన్ 25న బ్యాంకులను ఆదేశించెను. నెల తిరుగకమున్నే, జూలై 24న, ఈ బ్యాంకుపై మారటోరియము విధింపవలసివచ్చెను. ఖాతాదారు 10,000 రూపాయలకు మించి తీయరాదు! ఎన్ని యిండ్లలో నిద్ర కరవయ్యెనో! ఆగస్టు 14న ఓరియంటల్ బ్యాంకు ఆఫ్ కామర్సులో విలీనము చేయుటచే డిపాజిట్లు దక్కినవి. వాటాదారులకు చిల్లిగవ్వయు రాలేదు.